పన్నెండు బస్తాలంటే ఎన్ని క్వింటాళ్లు? మునుగోడు వైపు ఒక ఊరి పత్తి కేస్ స్టడీ

"పక్క చేన్ల ఎకరానికి పన్నెండు ఎల్లిందంట. మా చెల్కల అయిదే ఎల్లిందని చెప్తున్నరు. మీరే చూడాలె మేడం, లెక్క ఎక్కడ్నో తప్పుతుంది."

2025 నవంబరు రెండో వారంలో వనస్థలిపురం నుంచి నాకు వచ్చిన ఫోను ఇది. చేసినాయన మా క్లస్టర్లో మూడెకరాల చెల్కకు, అంటే తేలికపాటి ఎర్ర నేల చేనుకు, పట్టాదారు. ఊరు విడిచి ఇరవై ఏళ్లు దాటింది. చేను పాలుకిచ్చాడు. విత్తనం, ఎరువు, మందుల ఖర్చు చెరిసగం, పత్తి చెరిసగం, రెక్కల కష్టం మాత్రం పూర్తిగా చేసేవాళ్లది. చేసేది ఒక అక్క, ఇంటర్ మధ్యలో ఆపేసిన ఆమె బిడ్డ. పత్తి దాచిందా అని ఆయన నన్ను అడగలేదు. అడగకుండానే అడిగాడు.

నేను వ్యవసాయ విస్తరణ అధికారిని. నల్లగొండ జిల్లాలో మునుగోడు వైపు పని. మాకు ఒక్కొక్కరికి సుమారు అయిదు వేల ఎకరాల క్లస్టర్ అని లెక్క. అందులో వానకు పండే పత్తే ఎక్కువ. "నీకెంత ఎల్లింది?" అన్నది ఇక్కడ చాయ్ హోటల్ దగ్గర దసరాకు మొదలై సంక్రాంతి దాకా నడిచే ముచ్చట. మామూలు ఏడాదిలో ఒకాయన రెండు క్వింటాళ్లు ఎక్కువ చెప్పుకున్నా ఎవరి సొమ్మూ పోదు, నవ్వుకుని వదిలేస్తారు. చెడ్డ ఏడాదిలో అదే ముచ్చట పంచాయితీ దాకా పోతుంది. ఆ ఏడాది అట్లాగే పోయింది.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ముసురు పట్టి వదలలేదు. పల్లపు చేలల్లో నీళ్లు నిలిచి ఆకు ఎర్రబారింది, గూడ (మొగ్గ) రాలింది, పూత రాలింది. తట్టుకుని నిలబడ్డ కాయ దసరా తర్వాత పగలడం మొదలుపెట్టింది. సరిగ్గా మొదటి ఏరుడు ఊపందుకునే వేళకు, అక్టోబరు 28 రాత్రి, మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటింది. మరునాడు మా జిల్లా మీద కుండపోత. చెట్టు మీద తెల్లగా విచ్చుకున్న పత్తి తడిసి, గుడ్డ పిండి ఆరేసినట్టు కిందికి వేలాడింది. నాలుగు రోజుల తర్వాత ఒక చేనులో కాయ విప్పి చూస్తే దూది లోపలే గింజ మొలకెత్తి ఉంది.

ధర సంగతీ చెప్పాలి, ఎందుకంటే గొడవలో సగం దానిదే. పొడవు పింజ పత్తికి ఆ ఏడు మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. అది తేమ 8 శాతం లోపు ఉంటేనే. ఆపైన ఒక్కో శాతానికి 81 రూపాయల 10 పైసలు కోత, 12 దాటితే సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కేంద్రంలో కొనరు. కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ తీసుకుని పోవాలి. దానికి తోడు ఎకరానికి 7 క్వింటాళ్లే కొంటారన్న పరిమితి వచ్చింది. దాంతో "ఎంత ఎల్లింది" అన్న ఒక్క ప్రశ్నకు ఆ సీజన్లో మూడు జవాబులు తయారయ్యాయి. చాయ్ హోటల్లో ఎక్కువ, భూమి గల ఆసామికి తక్కువ, యాప్‌కు ఏడు.

రైతు వేదికలో

మూడో వారం మంగళవారం, రైతుల సమావేశాల భవనమైన రైతు వేదికలో రైతు నేస్తం వీడియో కార్యక్రమం ముగిశాక నలుగురిని ఆగమన్నాను. నలుగురి చేలూ ఒకదానికొకటి కిలోమీటరు లోపే. పేర్లు రాయను, ఊళ్లో చేలకున్న పేర్లతోనే పిలుస్తాను. తుమ్మల చెల్క, బండ చెల్క, రేగడి చేను, రోడ్డు చేను. ఫోను వచ్చింది బండ చెల్క గురించి. ఆ పట్టాదారు చెప్పిన "పక్క చేను" తుమ్మల చెల్క.

"నాకైతే ఎకరానికి పన్నెండు బస్తాలెల్లినయ్," అన్నాడు తుమ్మల చెల్క రైతు, కుర్చీ వెనక్కి వాల్చి. "గింజల ఉంది మేడం అంతా. నేను పెట్టిన గింజే పెట్టున్రి అని ముందే చెప్పిన. ఒక్కలు ఇనలే."

రోడ్డు చేను తమ్ముడు ఫోను చూసుకుంటూ "నాకు పది" అన్నాడు. రేగడి పెద్దాయన "ఎనిమిది, క్వింటాళ్లే చెప్తున్న" అని నొక్కి చెప్పాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ అక్కను అడిగితే, "మాకు అయిదే బిడ్డా," అని తల దించుకుంది. వయసులో నా కంటే చాలా పెద్ద. ఒక్కర్తే నన్ను మేడం అనదు.

పెద్దాయన క్వింటాళ్లు అని ఎందుకు నొక్కాడో ఆ క్షణాన నాకు తట్టలేదు. ఇంటికి పోయి రాసుకున్న కాగితం చూస్తే కనబడింది. పన్నెండు అన్నది బస్తాలు. ఫోనులో నాకు చేరేసరికి ఆ మాట ఎక్కడో రాలిపోయి "పన్నెండు ఎల్లింది" మాత్రమే మిగిలింది. ఎనిమిది క్వింటాళ్లు. పదీ అయిదూ ఏమిటో అన్నవాళ్లూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగు అంకెలు వరసగా రాసుకుని వాటిని పోలుస్తూ కూర్చున్నాను. పదేళ్ల సర్వీసులో ఇట్లాంటి కాగితాలు ఎన్ని రాశానో తలుచుకుంటే కొంచెం సిగ్గేసింది. ఆ సెప్టెంబరులోనే గట్టు మీద నుంచి చూసి ఊరంతటికీ "ఎకరాకు 8 క్వింటాళ్లు రావచ్చు" అని అంచనా రాసి పంపింది కూడా నేనే.

సాగర్ ఎడమ కాల్వ కింద, మిర్యాలగూడ, నిడమనూరు వైపు వరి రైతులకు ఈ చిక్కు తక్కువ. కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా అంటే 40 కిలోలని ఖాయం. అక్కడి కొట్లాట తరుగు మీద, తాలు మీద, బస్తా మీద కాదు. పత్తి బస్తాకు ఆ ఖాయం లేదు. సంచిలో పిల్లగాణ్ని దింపి తొక్కిస్తారు. వాడెంత బరువున్నాడు, ఎంతసేపు తొక్కాడు, పత్తి ఎంత తడిగా ఉంది అన్నదాన్ని బట్టి అదే సంచిలో 40 కిలోలైనా పడుతుంది, 60 అయినా పడుతుంది.

కాంటా, మీటరు, తాడు

మరునాడు తుమ్మల చెల్క రైతు ఇంటికి పోయి, వసారాలో ఉన్న 24 బస్తాలూ కాంటా పెట్టించాను. తేలికది 41 కిలోలు, బరువైనది 58. మొత్తం 1,190 కిలోలు. రెండెకరాలకు 24 బస్తాలు, నిజమే, ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఎకరానికి పన్నెండు బస్తాలంటే ఆరు క్వింటాళ్లు కూడా కావు.

తేమ దగ్గర నేను మొదటిసారి తప్పు చేశాను. మార్కెట్ యార్డు నుంచి అడిగి తెచ్చుకున్న మీటరు ముల్లును బస్తా మూతి దగ్గర గుచ్చితే 11 చూపించింది. రాసుకున్నాను. పక్కనే నిలబడ్డ ఆయన భార్య, "లోపల చెయ్యి పెట్టి చూడు మేడం, నిన్న నేను పెట్టిన," అంది. మోచేయి దాకా దింపాను. పైపైన గరుకుగా, పొడిగా ఉన్న పత్తి లోపలికి పోయేకొద్దీ మెత్తబడి, వేళ్లకు చల్లగా, అంటుకున్నట్టుగా తగిలింది. మీటరు అక్కడ 17 చూపించింది. ఒక్కో బస్తాలో మూతి దగ్గర, నడుమ, అడుగున మూడు చోట్ల గుచ్చి సగటు తీస్తే 15 వచ్చింది. మిల్లు దగ్గర బండి మొత్తం వెనక్కి తిప్పి పంపారని తిట్టుకునే రైతుల్లో చాలామంది ఇంట్లో మూతి దగ్గర పత్తిని పిసికి చూసుకుని పోయినవాళ్లే. వాళ్లను తప్పుపట్టలేను, నేనే అట్లా చూశాను.

తేమను సమం చేసే లెక్క చిన్నదే. 15 శాతం తేమ ఉన్న 100 కిలోల పత్తిలో నీళ్లు పోను అసలు సరుకు 85 కిలోలు. అదే సరుకు 8 శాతం తేమకు ఆరితే 92 కిలోల 400 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన 1,190 కిలోలు 1,100కు దిగింది.

ఇక ఎకరాలు. పాసుపుస్తకంలో రెండెకరాలు. చేను చుట్టూ టేపు పట్టుకుని నడిస్తే 94 గుంటలు తేలింది, ఎకరానికి 40 గుంటలు గనక రెండెకరాల 14 గుంటలు. గుట్ట వారగా ఉన్న బీడును మూడేళ్లుగా కొంచెం కొంచెం దున్నుకుంటూ వచ్చాడట. అది ఎవరి భూమి అన్నది నా పని కాదు గనక అడగలేదు. కానీ పత్తి అక్కడా పండింది, బస్తాల్లోకి వచ్చింది, భాగించేటప్పుడు మాత్రం రెండుతోనే భాగించారు. 1,100 కిలోలను రెండెకరాల 14 గుంటలకు భాగిస్తే ఎకరానికి 468 కిలోలు.

చెట్టు మీద మిగిలినదాన్నీ లెక్కలోకి తేకపోతే పోలిక కుదరదు. ఒకరిది రెండు ఏరుళ్లు అయిపోయాయి, ఇంకొకరిది ఒక్కటే అయింది. దానికి 33 అడుగుల తాడు వాడాను. అటు 33, ఇటు 33 అడుగులు చతురంగా పట్టి నాలుగు మూలలా పుల్లలు పాతితే సరిగ్గా గుంట. అందులో వచ్చిన కిలోలను 40తో హెచ్చిస్తే ఎకరం లెక్క, కాలిక్యులేటరు అక్కర్లేదు. పైగా మా వైపు మూడడుగుల అచ్చు తోలి, అడ్డం నిలువు గీతలు కలిసిన చోట గింజ పెడతారు. కనక గుంటలో 11 సాళ్లు, సాలుకు 11 చెట్లు, మొత్తం 121 ఉండాలి. ఎన్ని తక్కువైతే అన్ని పోగుంటలన్నమాట. చేనుకు మూడు చోట్ల తాడు వేసి చెట్లు లెక్కబెట్టాం, చెట్టుకు ఎన్ని మంచి కాయలున్నాయో లెక్కబెట్టాం. వాన తిన్న కాయ గనక కాయకు మూడున్నర గ్రాముల పత్తి అనుకున్నాం. మంచి ఏడాదిలో నాలుగు గ్రాముల పైనే తీసుకునేదాన్ని.

తుమ్మల చెల్కలో గుంటకు 84 చెట్లే ఉన్నాయి. చెట్టుకు అయిదు మంచి కాయలు. గుంటకు కిలోన్నర లోపు, ఎకరానికి 59 కిలోలు. మొత్తం కలిపితే ఎకరానికి 5.3 క్వింటాళ్లు.

పన్నెండు అయిదయ్యింది. ఆయన కాసేపు కాగితం వైపు చూసి, "మరి బస్తాలు ఇరవై నాలుగున్నయ్ గదా మేడం, కండ్ల ముంగట," అన్నాడు. ఉన్నాయి. కాదనలేదు.

కూలీల నోట్‌బుక్కు

ఈ కేసు మొత్తంలో నాకు పనికొచ్చిన వస్తువు మీటరు కాదు. తుమ్మల చెల్క రైతు భార్య గూట్లోంచి తీసిన పాత స్కూలు నోట్‌బుక్కు.

పత్తి ఏరుడు కూలి కిలో లెక్కన ఇస్తారు. తుపాను తర్వాత కూలీలు దొరక్క మా ఊళ్లో కిలోకు 15 రూపాయల దాకా పోయింది. సాయంత్రం చేను గట్టున చెట్టు కొమ్మకు చిల్లర కాంటా వేలాడదీసి ఒక్కొక్కరి మూట తూచి రాసుకుంటారు. ఆ రాత ఎప్పుడూ ఇంటి ఆడమనిషిదే. కూలీలతో మాట పడేది ఆమే గనక. తేదీ, కూలి పేరు, కిలోలు, డబ్బులిస్తే టిక్కు. ఆ పుస్తకంలో పది రోజులకు కూడితే 1,268 కిలోలు తేలింది.

అంటే పంట ఎంత వచ్చిందో కిలోల్లో, రోజువారీగా, రాతపూర్వకంగా ఇంట్లోనే ఉంది. చాయ్ హోటల్‌కు పోయే మనిషి చేతిలో మాత్రం బస్తాల లెక్క ఉంది. "ఈ పుస్తకం నీకెన్నడు చూపియ్యలేదా?" అని ఆయన్ను అడిగితే భార్యే జవాబిచ్చింది: "ఆయనెన్నడు అడిగిండని? కూలోళ్లకు ఎంతియ్యాలె అని అడుగుతడు, ఇస్తడు."

1,268కీ కాంటా మీది 1,190కీ తేడా 78 కిలోలు. పొద్దున మంచు ఆరకముందే ఏరిన పత్తి గనక అది నీళ్ల బరువే. కూలి ఆ నీళ్లకూ కట్టారు, 1,170 రూపాయలు. తొమ్మిది దాటాక ఏరమంటే కూలీలు వేరే చేనుకు పోతారు, అదీ నిజమే. ఆ వారం ఎవరి షరతులు నడిచాయో వేరే చెప్పక్కర్లేదు.

బండ చెల్క అక్క దగ్గర ఇట్లాంటి పుస్తకం లేదు. తల్లీ బిడ్డా తామే ఏరుకున్నారు, ఎవరికీ కూలి కట్టలేదు, ఎందుకు రాస్తారు? కూలి పెట్టి ఏరించినాయన ఇంట్లో కాగితం ఉంది, ఆయన మాట అందరూ నమ్మారు. ఒక్క రూపాయి కూలి లేకుండా ఏరుకున్నామె దగ్గర కాగితం లేదు, అనుమానం ఆమె మీదికి పోయింది. ఆమె దగ్గరున్నదల్లా ఊరి బేరగాడు ఇచ్చిన తెల్ల చీటీ. 15 క్వింటాళ్లు అని, కింద డబ్బుల మొత్తం. పాసుపుస్తకం ఆమె పేరు మీద లేదు, యాప్‌లో స్లాట్ కోసం ఆసామి ఆధార్ అడగడానికి మొహమాటపడింది, బయటే అమ్మేసింది.

ఆ 15 క్వింటాళ్లు తరుగు పోను మిగిలినది. క్వింటాకు రెండు కిలోలు తరుగు తీశాడు కనక అసలు తూకం 1,530 కిలోలు. అమ్మేసిన పత్తి తేమ నేను చూడలేను. మిద్దె మీద మూడు రోజులు ఎండబోసి అమ్మింది, ఇంట్లో మిగిలిన అరబస్తాకు మీటరు 9 చూపించింది, అదే అన్నింటికీ తీసుకున్నాను. 8 శాతానికి దించితే 1,513 కిలోలు. చేను కొలిస్తే మూడెకరాలు కాదు, రెండెకరాల 30 గుంటలు. పేరులోనే ఉంది, బండ చెల్క. చేను నడుమ పది గుంటల మేర పరుపు బండ, మూడెకరాల పట్టాలో అదీ ఉంది, దాని మీద పత్తి మొలవదు. ఎకరానికి 550 కిలోలు. చెట్టు మీద ఇంకో 47. మొత్తం దగ్గర దగ్గర 6 క్వింటాళ్లు.

రేగడి పెద్దాయన ఎనిమిదిలో పుట్టాల్సిన పత్తి ఉంది. నాలుగెకరాల్లో ఏరింది 20 క్వింటాళ్లు, తుపానుకు ముందే, తేమ 10. మిగతా 12 "ఎల్లుతది గదా ఇంకా" అని కలిపేసుకున్నాడు. గుంటకు 110 చెట్లు, చెట్టుకు తొమ్మిదేసి కాయలు చూపించాడు. విప్పి చూస్తే మూడు మురిగినవే. మంచివి ఆరు లెక్కన నాలుగెకరాలకూ 3.7 క్వింటాళ్లకు మించదన్నాను. మొత్తం ఎకరానికి 5.8. ఆయన ఒప్పుకోలేదు. "కాయ నా చెట్టు మీదుంది, నీ కాయితం మీద కాదు" అన్నాడు.

రోడ్డు చేను తమ్ముడి పది ఒక్కటే నిలబడింది. ఎకరన్నర, వేబ్రిడ్జి చీటీ ప్రకారం 15 క్వింటాళ్లు, తేమ 12. ఎండు లెక్కలో ఎకరానికి 957 కిలోలు, చెట్టు మీద మరో 96. పదిన్నర. అంతా సరిగ్గా చెప్పిన మనిషికి కలిసొచ్చింది ఏమీ లేదు. ఎకరన్నరకు ఏడు చొప్పున పదిన్నర క్వింటాళ్లే స్లాట్‌లో పోయాయి, మిగతాది మద్దతు ధర కంటే తక్కువకు బయట అమ్ముకున్నాడు.

గింజ మాట

హోటల్ దగ్గర వరస 12, 10, 8, 5. తాడు, కాంటా వేశాక రోడ్డు చేను 10.5, బండ చెల్క 6, రేగడి 5.8, తుమ్మల చెల్క 5.3. కింది మూడింటిలో ఎవరు గెలిచారని నేను చెప్పను. మా కొలతలో ఉన్న తప్పే ఆ తేడాను మింగేస్తుంది. కానీ బండ చెల్కలో పక్క చేను కంటే తక్కువ వచ్చిందన్న మాటకు మాత్రం ఆధారం లేదు.

రెండోసారి రైతు వేదికలో ఈ అంకెలు చదివాను. ఆ పాటికే తుమ్మల చెల్క గింజే వచ్చే ఏడు పెడతామని ఆరుగురు అనుకుంటున్నారు. రోడ్డు చేను తమ్ముణ్ని ఏ ప్యాకెట్ పెట్టావని అడిగాను. జేబులోంచి ఫోను తీసి ఫోటో చూపించాడు. తుమ్మల చెల్కలో పెట్టిన కంపెనీయే, అదే రకం. ఒకే గింజ ఒక చోట పదిన్నర, ఇంకో చోట అయిదు.

"వానికి బోరుంది," అన్నారెవరో.

ఉంది. డ్రిప్పు కూడా ఉంది. నీళ్లిచ్చి జూన్ రెండో వారంలోనే మొలిపించుకున్నాడు. నాలుగడుగుల సాలు, అడుగున్నర దూరం, గుంటకు 172 చెట్లు. దసరా అయిన వారానికే ఒక ఏరుడు, తుపానుకు మూడు రోజుల ముందు రెండోది. వాన తడిపిన పత్తి అతని చేనులో చాలా తక్కువ. అక్కడ గెలిచింది గింజా కాదు, ఎరువూ కాదు, తేదీ. ఆ తేదీని కొనిచ్చింది బోరు. బోరు లేనివాళ్లకు అతని చేను చూపించి నేర్చుకోండి అనడం నాకు ఎప్పుడూ ఇబ్బందే.

వానకు పండిన మూడు చేలను పక్కపక్కన పెడితే చెప్పుకోదగ్గ సంగతి బయటపడింది. తుమ్మల చెల్క రైతు జూన్ మొదటి వానకే, భూమి లోపలికి పదును దిగకముందే గింజ పెట్టాడు. సగం మొలిచింది, సగం మాడింది. పోగుంటల్లో నెల తర్వాత మళ్లీ పెట్టిన గింజ పెద్ద చెట్ల నీడలో సన్నగా సాగి, ముసురులో నీళ్లు నిలిచి చచ్చింది. 121 ఉండాల్సిన చోట 84 మిగిలాయి. చెట్టుకు చెట్టు పోలిస్తే ఆయన పత్తి బాగానే కాసింది, లేని చెట్లకే కాయలు లేవు. అక్క వాళ్లు రెండు పెద్ద వానలు పడేదాకా ఆగారు, గింజ కొనడానికి డబ్బులు ఆలస్యమై. గుంటకు 113 చెట్లు నిలిచాయి. బండ చెల్క ఏటవాలు గనక నీళ్లు జారిపోయాయి. అందరూ పనికిరాదనే రాతి చెల్క ఆ ఏటి వానకు పనికొచ్చింది. ఎండలు కాసిన ఏడాది అదే చెల్క అందరికంటే ముందు వాడిపోతుంది. కాబట్టి ఇందులోంచి రూలు తీయకండి.

ఇంకో సంగతి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు కూలీల కోసం తుమ్మల చెల్క రైతు రెండు ఊళ్లు తిరిగాడు, దొరకలేదు. తల్లీ బిడ్డలు ఎవరి కోసమూ చూడలేదు. మూడు రోజులు పొద్దుమాపులు పగిలిన కాయ పగిలినట్టు ఏరారు, చివరి రోజు సెల్‌ఫోను లైటు పెట్టుకుని. బిడ్డ వేళ్ల చివర్లు కాయ తొడిమెలకు గీసుకుపోయి, నేను పోయేటప్పటికి ఇంకా నల్లగా గాట్లు కట్టి ఉన్నాయి.

ఆసామి వచ్చిన రోజు

నవంబరు చివరి ఆదివారం పట్టాదారు ఊరికి వచ్చాడు. నన్నూ రమ్మన్నాడు. తీర్పు చెప్పడానికి రాను, చేను చూపించడానికైతే వస్తానన్నాను. బండ చుట్టూ టేపు పట్టించాను. ఒక చివర ఆయనే పట్టుకున్నాడు. పది గుంటలు తేలాక, "మా నాయిన దీన్ని చేన్ల కలిపే చెప్పెటోడు," అని నవ్వాడు. తుమ్మల చెల్క గట్టు మీద నుంచి పోగుంటలు చూశాడు. నోట్‌బుక్కు, చీటీ, లెక్కలు చూశాడు.

అక్కకు క్షమాపణ ఏమీ చెప్పలేదు. "ముందే బస్తా తూకమెంతనో చెప్తే అయిపోవు గదా వదినా," అన్నాడంతే. ఆమె చాయ్ గ్లాసు ఆయన చేతికిచ్చి, "నన్నెవలడిగిన్రు," అంది. ఏడున్నర క్వింటాళ్ల డబ్బు ఆయన తీసుకున్నాడు, ఏడున్నర ఆమెకు. వచ్చే ఏడు చేను ఆమెకే ఇస్తాడా అన్నది ఆ రోజు తేల్చలేదు. సీసీఐకి అమ్మాలంటే తన ఆధార్ ఇస్తానన్నాడు, బిడ్డ వెంటనే ఫోనులో నంబరు రాసుకుంది.

నా పద్ధతిలో లోపం జనవరిలో బయటపడింది. రేగడి పెద్దాయన మిగిలిన పత్తి అంతా ఏరి అమ్మాక చీటీ పట్టుకుని రైతు వేదికకే వచ్చాడు. నేను 3.7 అన్నచోట 5.2 క్వింటాళ్లు ఎల్లింది. డిసెంబరులో ఎండ బాగా కాసింది. మురిగినవని నేను లెక్కలోంచి తీసేసిన కాయలు సగం విచ్చుకుంటే, మచ్చ పడ్డ ఆ పత్తిని కూడా ఆయన వదలకుండా ఒలిచాడు. ధర తక్కువే పలికింది గానీ తూకం తూకమే. ఆయన అనుకున్న పన్నెండు క్వింటాళ్లూ రాలేదు, నా 3.7 కూడా నిలబడలేదు. సగం మురిగిన కాయకు సున్నా వేయకూడదని, కనీసం గ్రాము, గ్రామున్నర వేసి, ధర దగ్గర వేరుగా చూపాలని నా పుస్తకంలో రాసుకున్నాను. ఆయనను దాని కింద సంతకం పెట్టమంటే, పెట్టి, అంకె చుట్టూ సున్నా చుట్టాడు.

తుమ్మల చెల్కాయన ఇప్పటికీ హోటల్ దగ్గర పన్నెండనే చెప్తాడని విన్నాను. కాకపోతే ఎవరో ఒకరు వెంటనే "బస్తాలా, క్వింటాళ్లా?" అంటారట.

33 అడుగుల తాడు నా దగ్గర లేదు. బండ చెల్క అక్క బిడ్డ అడిగి తీసుకుంది. అడుగడుగుకూ ముడి వేసి, మూడో ముడి దగ్గరల్లా ఎర్ర గుడ్డ పేలిక కట్టిందట, వానాకాలం అచ్చు తోలేటప్పుడు పనికొస్తదని.